మీకు తెలుసా? పెరట్లో ఓ దర్జీ ఉంది!

శ్రీకాళహస్తి స్థలపురాణంలో శివుణ్ణి కొలిచి తరించిన జీవాల్లో సాలీడు ఒకటి. ఆ సాలీడు నేసిన పట్టుతోనే ఇల్లు కట్టుకునే పిట్టలు మన పెరళ్లలో ఉన్నాయి.

దర్జీ పిట్టనే తీసుకోండి. తోకతో కలిపి 13 సెంటీమీటర్లు, బరువు 10 గ్రాముల లోపే. ఆకుపచ్చ వీపు, ఇటుకరంగు నుదురు, నిక్కబొడుచుకున్న తోక. ఆడపిట్ట వెడల్పాటి బాదం ఆకునో వంగ ఆకునో ఎంచుకుని, అంచుల వెంట ముక్కుతో సన్నటి బెజ్జాలు పొడుస్తుంది. వాటిలోంచి సాలెపట్టో దూదిపోగో లాగి అంచుల్ని కలిపి కుడుతుంది. ముడి వేయదు, బయటికొచ్చిన పోగు కొస ఉబ్బి, రివెట్టులా పట్టేస్తుంది. ఆకు చెట్టునే ఉంటుంది కనుక వాడిపోదు, లోపలి గూడు ఎవరి కంటా పడదు.

తేనెపిట్ట కూడా గూటిని సాలెపట్టుతోనే బిగిస్తుంది. మగది మాత్రం గూడు కట్టే రోజుల్లో మహా కోపిష్టి. బైకు అద్దంలో తన రూపాన్నే చూసుకుని, శత్రువనుకుని టకటకా పొడుస్తుంది. అద్దానికి గుడ్డ కప్పితే గొడవ వదులుతుంది.

ఇదే పెరట్లో జామకాయల్ని సగం కొరికి పారేసే రామచిలుక 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. పంజరంలో పెడితే నేరం.

కొమ్మలు నరికేముందు ఆకుల మధ్య ఓసారి చూడండి. దర్జీ పిట్ట గుడ్లు కనిపిస్తే ఒక్క నెల ఆగండి, ఆలోపే పిల్లలు ఎగిరిపోతాయి.