అరచు కుక్క కరవదా?

తెలుగునాట కుక్కను గూర్చి పుట్టిన సామెతలకు లెక్క లేదు. వానిలో రెండు మిక్కిలి ప్రసిద్ధములు. అరిచే కుక్క కరవదని ఒకటి. కుక్క తోక వంకర ఎన్నటికిని పోదని మరియొకటి. మొదటిది మనకు అభయ మిచ్చుచున్నది. రెండవది ప్రయత్నమే వలదని చెప్పుచున్నది. నిజమునకు ఈ రెండును మనుష్యుల స్వభావమును ఎత్తిపొడుచుటకు పుట్టిన మాటలే గాని, కుక్కలను పరిశీలించి చెప్పినవి కావు. మనుష్యులయెడ వానియందు కొంత సత్యము ఉండవచ్చును. కుక్కల విషయమున మాత్రము రెండును పొరపాటే. పొరపాటు మాత్రమే కాదు, ప్రమాదకరములు కూడ.

ఆ ప్రమాదము ఎట్టిదో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారి వెంట రామచంద్రాపురము మొదలు సంగారెడ్డి వరకు గల సీమ ఒకప్పుడు చేలును చెరువులును గల పల్లెపట్టు. 1960 దశకమున రామచంద్రాపురమున భారత హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరు వద్ద మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థయైన ఇక్రిశాట్ నెలకొన్నది. పిదప పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామికవాడలు పెరిగినవి. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ మొదలగు రాష్ట్రములనుండి శ్రమజీవులు వచ్చి రేకుల షెడ్లలోను, అద్దె గదులలోను కాపురము లుండిరి. మనుష్యులు చేరినచోట అన్నము చేరును. అన్నము మిగిలినచోట కుక్క చేరును. మాంసపు దుకాణముల వ్యర్థములు, మెస్సుల ఎంగిలి, ఎత్తని చెత్తకుప్పలు ఈ మూడును కుక్కలగుంపులను పోషించుచున్నవి.

2024 జూన్ మాసాంతమున ఈ సీమలోని ఇస్నాపూర్‌లో, బీహారు నుండి పనికై వచ్చిన దంపతుల బిడ్డ వీధికుక్కల గుంపు వాతబడి మరణించెను. అంతకు ముందు 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులోని అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు అట్లే బలియైన వార్త దేశమంతటను కలవరము రేపినది. ఇట్టి ఘోరము జరిగిన ప్రతిసారియు రెండు కేకలు వినబడును. కుక్కలన్నిటిని చంపుడని కొందరు. మూగజీవిని ముట్టుకొనవలదని కొందరు. ఈ రెండు కేకల నడుమ అడుగవలసిన ప్రశ్న అణగిపోవుచున్నది. కుక్క ఏల కరచును? కరచుటకు ముందు ఏమి చెప్పును? దాని స్వభావమును మార్చుట సాధ్యమా?

కాటు కుక్క పలుకు కడపటి మాట. దానికి ముందు అది అనేక విషయములు చెప్పియుండును. భయపడిన కుక్క మొట్టమొదట మొగము ప్రక్కకు త్రిప్పుకొనును. నిద్ర రాకున్నను ఆవులించును. తినుట కేమియు లేకున్నను మూతి నాకుకొనును. ఎదుటివాడు అది గమనింపక దగ్గరకు వచ్చినచో ఒడలు బిగించి కదలక నిలుచును; కంటి తెలుపు కనబడునట్లు క్రేగంట చూచును; వీపుమీది వెండ్రుకలు నిక్కించును. అప్పటికిని ఎడము దొరకకున్నచో గుర్రుమనును, పండ్లు చూపును, అరచును, గాలిలో కరచినట్లు నోరు మూయును. ఇవి యన్నియు “దూరముగా పొమ్ము” అను ఒక్క మాటకే వేరువేరు రూపములు. ఏ రూపమునకును విలువ లేదని తెలిసిన పిమ్మట అది కరచును. కావున అరచు కుక్క కరవదనుట కంటె, అరపును వినిపించుకొననివానిని కుక్క కరచుననుట సమంజసము.

తోక విషయమున కూడ మనకు భ్రమ కలదు. తోక ఊపినంత మాత్రమున అది స్నేహము కాదు. మెత్తగా, నడుముతోసహా ఊగు తోక వేరు. నిటారుగ బిగిసి, చిన్నగా వడివడిగా కదలు తోక వేరు. రెండవది ఉద్రేకమునకు గుర్తు. పిల్లలకు అక్షరములు నేర్పునట్లు ఈ గుర్తులు నేర్పవలెను.

ఈ కోపమునకు మూలమెక్కడ? అన్ని కాట్లకును కారణ మొక్కటే కాదు. తిండి దగ్గర, పిల్లల దగ్గర, తాను తనదనుకొన్న స్థలమున కుక్క కరచుట కలదు. పరుగెత్తు వస్తువును వెంటాడుట దాని పూర్వజమైన వేటగుణము. రాత్రి షిఫ్టు ముగించి మోటారు సైకిలుపై వడిగా పోవువానిని అది తరుముట ఇందుకే. వేగము తగ్గించినచో తరుమువాని ఉత్సాహమును సాధారణముగ తగ్గును. చెవిపోటు, కీళ్లనొప్పి వంటి బాధలు కూడ సాధుజంతువును కరచునట్లు చేయును. కాని ఎక్కువ కాట్ల వెనుక నుండునది భయము.

ఆ భయము బాల్యమున నాటుకొనును. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు బహుకాలము కుక్కపిల్లలను పరిశోధించి 1965లో ఒక గ్రంథము వెలువరించిరి. పుట్టిన మూడవ వారము మొదలు సుమారు పన్నెండవ వారము వరకు గల కాలము కుక్కపిల్లకు లోకపరిచయ కాలమని వారు స్థాపించిరి. ఆ వారములలో మనుష్యుల మంచిచేయి ఎరిగిన పిల్ల పెద్దయైన పిమ్మట మనుష్యుని నమ్మును. ఆ కాలమున రాళ్లు, కర్రలు మాత్రమే ఎరిగిన పిల్లకు మనుష్యుడే రాయి, మనుష్యుడే కర్ర.

మన వీధికుక్కపిల్లలు ఎరుగునదేమి? కలకత్తాలోని భారత విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో అనిందితా భద్ర గారి బృందము పశ్చిమ వంగదేశపు వీధికుక్కలను ఈతలవారీగా గమనించి 2016లో ఫలితములు ప్రకటించినది. పుట్టిన పిల్లలలో నూటికి 19 మాత్రమే ఈడునకు వచ్చినవి. మరణములలో నూటికి 63 మనుష్యుని మూలమున కలిగినవే. ఆ బృందమే మరుసటి యేడు మరియొక సంగతి బయటపెట్టినది. అపరిచితుడు పలుమారు వచ్చి ఆహారము పెట్టుటకంటె, తలపై మెల్లగా నిమురుటచేతనే వీధికుక్క అతని నెక్కువగా నమ్మినది. మనుష్యునివలన చచ్చు జాతియే మనుష్యుని చేతిస్పర్శకై ఎదురుచూచుచున్నది. కర్మాగారముల గేట్ల వద్ద పగలంతయు గొలుసునకు కట్టబడి, వచ్చిపోవువారి అదలింపులు పడు కాపలాకుక్క కరచునదిగా తయారగుటలో వింత లేదు.

మన సాహిత్యమున ఈ సత్యము ఆదియందే కలదు. ఆంధ్ర మహాభారత ఆదిపర్వమున జనమేజయుని యజ్ఞశాలకు సరమ కుమారుడైన సారమేయుడు ఆడుకొన వచ్చెను. అతడేమియు చెరుపలేదు. అయినను జనమేజయుని తమ్ములు అతనిని కొట్టిరి. తల్లి సరమ రాజు నెదుట నిలిచి, మంచిచెడ్డల నెంచక బలహీనుల నొప్పించువారికి తలవని తలంపుగ భయము లేర్పడునని పలికి పోయెను. నిరపరాధియైన కుక్కపై పడిన దెబ్బ రాజవంశమునకు శాపమైనది. నేటి వీధిలో ఆ శాపము తగులుట రాయి విసిరినవానికి కాదు. అతని తరువాత ఆ వీధిని నడచు పసివానికి. అదియే విషాదము.

ఇక శిక్షణ మాట. కుక్కను కొట్టి దారికి తేవచ్చునను నమ్మకము పాతది. 2009లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు, కరచు స్వభావముగల కుక్కల యజమానులను ప్రశ్నించి చూచిరి. కొట్టుట, తన్నుట, వెల్లకిల పడవేసి అదుముట వంటి పద్ధతులకు లోనైన కుక్కలలో కనీసము నాలుగవవంతు యజమానిపైననే తిరుగబడినట్లు తేలినది. గుర్రుమన్నందుకు దెబ్బతిన్న కుక్క భయము మానదు. గుర్రుమనుట మాత్రము మానును. పిమ్మట అది హెచ్చరిక లేకయే కరచును.

మేలైన మార్గమునకు ఆద్యులు ఇరువురు. గంట మ్రోగినంతనే కుక్కనోట లాలాజలము ఊరునట్లు చేయవచ్చునని రష్యా దేశపు పావ్లోవ్ చూపెను. మేరీ కవర్ జోన్స్ అను అమెరికా విదుషి 1924లో ఆ సూత్రమునే త్రిప్పి వాడినది. కుందేలును చూచి బెదరు ఒక పసివానికి ఇష్టమైన తినుబండారము పెట్టుచు, పంజరములోని కుందేలును దినదినము కొంచెము దగ్గరకు జరిపినది. తుదకు ఆ బిడ్డ కుందేలును చేతితో నిమిరెను. భయపడు కుక్కకును ఇదియే వైద్యము.

ఇంటికుక్క ఒకటి అపరిచితుని చూచినంతనే మీదపడబోవుచున్నదనుకొందము. మొదట పశువైద్యునికి చూపి ఒంట నొప్పి లేదని తెలిసికొనవలెను. తరువాత ఎంత దూరమున మనుష్యుని చూచియు అది అరవకుండునో కనుగొనవలెను. అది ముప్పది అడుగులైన ముప్పది అడుగులే. ఆ దూరమున మనిషి కనబడవలెను. కనబడిన వెంటనే కుక్కకు మాంసపు తునుక అందవలెను. మనిషి మరుగైనచో తునుకలు ఆగవలెను. వరుస ముఖ్యము: ముందు మనిషి, తరువాత తిండి. కొన్ని దినములకు మనిషి కనబడగానే కుక్క అరచుటకు మారుగ యజమాని మొగము చూచును. అప్పుడు ఒక యడుగు దగ్గరకు జరుగవచ్చును. మధ్యలో అరచినచో తప్పు కుక్కది కాదు, దూరము కొలిచినవానిది. వెనుకకు జరిగి మరల మొదలిడవలెను. ఇది వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టు పని. అంతవరకు గొలుసు చేతినుండి జారరాదు. పసిపిల్లలతో దానిని ఒంటరిగ విడువరాదు. కళ్లములో ఎద్దుమూతికి చిక్కము కట్టుదుము. అట్లే, రొప్పుటకును నీరు త్రాగుటకును వీలైన బుట్టవంటి చిక్కమును కుక్కకు అలవాటు చేయుట దానికి అవమానము కాదు, రక్ష.

అయితే ఈ పాఠము వీధిలోని గుంపునకు చెప్పుట సాధ్యము కాదు. అక్కడ శిక్షణ పొందవలసినది పురపాలన. సంతాన నియంత్రణ శస్త్రచికిత్స, టీకా అను రెండు పనులకు 2001లో నియమావళి ఏర్పడినది. దాని స్థానమున 2023లో క్రొత్త నియమావళి వచ్చినది. శస్త్రచికిత్స జరిగిన కుక్కకు చెవికొనన గంటు పెట్టుదురు. పదింట ఏడు కుక్కలకు టీకా పడినచో రేబిస్ వ్యాప్తి తెగునని శాస్త్రజ్ఞుల నిర్ణయము. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, చికిత్సయు టీకాయు ముగిసిన కుక్కలను పట్టినచోటనే విడువవలెననియు, రేబిస్ సోకినవానిని, క్రూరస్వభావము గలవానిని మాత్రము విడువరాదనియు చెప్పెను. అదే యేడు నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్సు, రైలు స్టేషనుల ఆవరణలనుండి కుక్కలను తొలగించి ఆశ్రయములకు చేర్చవలెనని, తిరిగి అచ్చటనే విడువరాదని ఆదేశించెను. ఆజ్ఞ ఎంత గట్టిదైనను చెత్తకుప్ప ఉన్నంతకాలము ఒక గుంపు పోయినచోట మరియొక గుంపు వచ్చును.

కాటు పడినచో చేయవలసినది బడిపిల్లలందరికిని కంఠస్థము కావలెను. ధారగా పడు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు గాయము కడుగవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు. అదే దినము ఆసుపత్రికి పోవలెను. గోటిగీరయైనను దాచరాదు. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను భయము నేటికిని పల్లెలలో పిల్లలచేత కాటును దాపించుచున్నది. ఆ పాతమందు మనదేశమున 2005 నాటికే నిలిచిపోయినది. ఇప్పటివి చేతికి వేయు కొలది సూదులు మాత్రమే. రక్తము వచ్చిన కాటునకు గాయములోనే వేయు మరియొక మందు కూడ అవసరము. రేబిస్ లక్షణములు బయటపడిన పిమ్మట వైద్యము దాదాపు శూన్యము. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది ఇట్లు మరణించుచున్నారని అంచనా. వారిలో పదింట నలుగురు పదునైదేండ్లలోపు బాలబాలికలు.

ఉపాధ్యాయులు చెప్పదగిన పాఠము పావుగంటకు మించదు. తినుచున్న, నిదురించుచున్న, పిల్లలతో నున్న, కట్టివేసిన కుక్క చెంతకు పోరాదు. కుక్క మీదికి వచ్చునప్పుడు పరుగెత్తరాదు, కేకలు వేయరాదు. చేతులు దగ్గరకు చేర్చి, చూపు నేలపై నిలిపి, చెట్టువలె నిలువవలెను. పడిపోయినచో బంతివలె ముడుచుకొని, చెవులను, మెడను చేతులతో కప్పుకొనవలెను. ఇది ఒక కుక్క ఎదురైనప్పటి ఉపాయము. గుంపు ఎదుట ఒంటరి పసివానిని ఏ ఉపాయమును నమ్మి విడువరాదు. అచ్చట పెద్దవారి తోడే రక్ష.

మరియొక మాట. పటాన్‌చెరు, ఇస్నాపూరు షెడ్లలో పెరుగు పిల్లలలో బడికి రానివారు కలరు. వచ్చినవారిలోను తెలుగు రానివారు కలరు. తల్లిదండ్రులు పనికి పోయిన వేళ చెత్తకుప్ప ప్రక్కన ఆడుకొనువారు వారే. ఈ పాఠము వారికి హిందీలో, ఒడియాలో ఎవరు చెప్పవలెను? వారితో వీధిలో ఆడుకొను బడిపిల్లలు చెప్పగలరు. చెట్టువలె నిలుచుటకును, బంతివలె ముడుచుకొనుటకును భాష అక్కరలేదు. చేసి చూపిన చాలును.