‘అప్‌లోడ్’ నొక్కాక మన కాగితం ఎక్కడికి వెళ్తుంది?

ఉయ్యూరు మెయిన్ రోడ్డులో ఏ నెట్ సెంటర్ ముందు నిలబడి చూసినా ఇదే వరస. ఒకమ్మ చేతిలో పిల్లవాడి స్కాలర్‌షిప్ కాగితాలు. పక్కనే హజ్ దరఖాస్తు కోసం పాస్‌పోర్టు, కేన్సిల్ చేసిన చెక్కు పట్టుకుని ఒక పెద్దాయన. 2025 జూన్ 6న కేంద్రం ‘ఉమీద్’ పోర్టల్ మొదలుపెట్టాక వక్ఫ్ దస్తావేజుల కట్టలతో మసీదు కమిటీల వాళ్లు కూడా ఈ లైన్‌లోకి వచ్చారు. అన్నీ స్కాన్ అవుతాయి, ‘అప్‌లోడ్’ నొక్కుతారు, పచ్చ టిక్కు పడుతుంది. అంతటితో పని అయిపోయిందని ఇంటికి వెళ్లిపోతారు.

కానీ ఆ బటన్ వెనక జరిగే పనిలో ఒక లోపం ఉంటే? ఇది ఊహ కాదు. ప్రపంచంలో చాలా పెద్ద సంస్థలు వాడే ఒక సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి లోపం 2017లో బయటపడింది, 2023లో మరొకటి, 2024లో ఇంకొకటి.

ముందు ఒక సంగతి తెలియాలి. వెబ్‌సైట్‌ను ఎవరూ మొదటి ఇటుక నుంచి కట్టరు. ఇల్లు కట్టేవాళ్లు తలుపులు, కిటికీలు, షట్టర్లు రెడీమేడ్‌గా తెచ్చి బిగించినట్టే, సైట్ కట్టేవాళ్లు కూడా లాగిన్, ఫారం, ఫైల్ తీసుకునే భాగం లాంటివి తయారుగా ఉన్న సరంజామా నుంచి తీసుకుంటారు. దాన్నే ఫ్రేమ్‌వర్క్ అంటారు. అపాచీ స్ట్రట్స్ అలాంటిదే. జావా భాషలో రాసింది, ఉచితం. బ్యాంకులు, బీమా కంపెనీలు, ప్రభుత్వ శాఖలు ఏళ్ల తరబడి దీనిమీద సైట్లు నడిపాయి. ఒకే కంపెనీ తాళం వేల ఇళ్లకు ఉంటే, ఆ తాళంలో లోపం బయటపడిన రోజున అన్ని ఇళ్లూ ఒకేసారి ప్రమాదంలో పడతాయి. ఇక్కడ జరిగింది అదే.

2023 డిసెంబర్‌లో బయటపడిన లోపాన్ని చూద్దాం. దాని నంబర్ సీవీఈ-2023-50164. తీవ్రతకు 10కి 9.8 మార్కులు వేశారు.

ఒక ఆఫీసులో దరఖాస్తులు తీసుకునే గుమస్తా ఉన్నాడనుకోండి. వచ్చిన ప్రతి కవర్‌ను ముందు గదిలోని ట్రేలో పెట్టడమే అతని పని. ఎవరో కవర్ మీద ‘దీన్ని లోపలి గదిలో ఆఫీసర్ సొరుగులో పెట్టు’ అని రాసి ఇచ్చారు. తెలివైన గుమస్తా అయితే ఆ రాత పట్టించుకోడు. స్ట్రట్స్ కూడా ఫైల్ పేరులో అలాంటి మాటలుంటే తీసేస్తుంది. అయితే ఆ ఫైల్ పేరే రెండుసార్లు వస్తే, ఒకసారి పెద్ద అక్షరంతో, ఇంకోసారి చిన్న అక్షరంతో, అది తికమక పడింది. మొదటి పేరును శుభ్రం చేసింది. దాని వెనకే వచ్చిన రెండో పేరు, తనిఖీ లేకుండానే మొదటి పేరు స్థానంలో కూర్చుంది. ఒక్క ఇంగ్లిష్ అక్షరం పెద్దదా చిన్నదా అన్న తేడాతో కవర్ ఆఫీసర్ సొరుగులోకి చేరిపోయింది.

చేరితే నష్టమేంటి అని అడగొచ్చు. ఆ కవర్‌లో ఉన్నది ఫొటో అయితే ఏమీ లేదు. కానీ లోపల ఉన్నది చిన్న ప్రోగ్రామ్. పడాల్సిన చోట పడితే సర్వర్ దాన్ని తన సొంత ప్రోగ్రామే అనుకుని నడుపుతుంది. అక్కడి నుంచి ఆ మిషన్ పంపినవాడు చెప్పినట్టు ఆడుతుంది. అందులో దాచిన ఆధార్‌లు, పాస్‌పోర్టులు, బ్యాంకు వివరాలు వాడి చేతికి అందుతాయి.

ఈ లోపానికి సవరించిన వెర్షన్లు వెంటనే విడుదల చేశారు. ఏడాది తిరిగేసరికి, 2024 డిసెంబర్‌లో, అదే భాగంలో సీవీఈ-2024-53677 పేరుతో మరొకటి. ఈసారి కొత్త వెర్షన్ వేసుకుంటే సరిపోదు. ఫైల్ తీసుకునే పాత పద్ధతినే వదిలేసి, సైట్ కోడ్‌ను కొత్త పద్ధతికి మార్చి రాయాలి. కొత్త తాళం కొంటే కుదరదు, తలుపే మార్చాలన్నమాట. సైట్ కట్టిన కాంట్రాక్టర్ బిల్లు తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయిన చోట ఆ పని ఎవరు చేస్తారన్నదే అసలు చిక్కు.

చేయకపోతే ఏమవుతుందో ఈక్విఫ్యాక్స్ కథ చెబుతుంది. జనం అప్పుల చరిత్ర దాచే అమెరికా సంస్థ అది. మన దేశంలోనూ దాని పేరుతో క్రెడిట్ బ్యూరో ఉంది. 2017 మార్చి 7న స్ట్రట్స్‌లో ఫైల్ అప్‌లోడ్‌ను చదివే భాగానికి సవరణ వచ్చింది. అక్కడ లోపం ఇంకా విచిత్రం. వచ్చేది ఏ రకం ఫైల్ అని చెప్పే చిన్న చీటీలోనే ఆదేశం రాసి పంపితే చాలు. ‘ఈ చీటీ తప్పు’ అని చెప్పబోయి సాఫ్ట్‌వేర్ ఆ ఆదేశాన్నే అమలు చేసేది. ఈక్విఫ్యాక్స్ ఒక సర్వర్‌లో ఆ సవరణ వేయలేదు. మే నెలలో దొంగలు దూరారు. సంస్థ గమనించింది జులై 29న, లోకానికి చెప్పింది సెప్టెంబర్ 7న. సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. 2019లో 70 కోట్ల డాలర్ల దాకా కట్టే రాజీకి ఒప్పుకుంది. రెండు నెలల ముందే మందు చేతికొచ్చింది, వేసుకోలేదంతే.

మన దగ్గర పాఠాలు వేరే రకంగా వచ్చాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ వివరాలు అందరికీ కనిపించేలా ఉన్నాయని బయటపడింది. అదే ఏడాది తెలంగాణ పెద్దపల్లి జిల్లాలో ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖ సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. వీటికీ స్ట్రట్స్‌కూ సంబంధం లేదు. అక్కడ తాళం పగలలేదు, అసలు తలుపే వేయలేదు. కానీ ఒక్కసారి కాగితం బయటపడితే దాంతో ఏం చేయొచ్చో పెద్దపల్లి కేసు చూపించింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. వేలిముద్ర మార్చుకోలేం.

ఏ సైట్ ఏ ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుందో దరఖాస్తుదారుడికి కనిపించదు, దాన్ని బాగుచేయడమూ అతని వల్ల కాదు. ఆ బాధ్యత సైట్ నడిపేవాళ్లది. 2023 డేటా రక్షణ చట్టంలో, సరైన భద్రత పెట్టని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని రాసింది కూడా అందుకే.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది నష్టాన్ని తగ్గించుకోవడం. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ సైట్ నుంచే దించుకోవచ్చు. పూర్తి నంబర్ తప్పనిసరి కానిచోట అదే ఇవ్వండి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకుంటే వేలిముద్ర అచ్చు ఎవరి దగ్గరున్నా దాంతో డబ్బు తీయలేరు. అయితే ఇంట్లో పెద్దవాళ్లు వేలిముద్ర వేసి పింఛన్, రేషన్ తీసుకునేవాళ్లయితే ఆ పూట లాక్ తీయాలి. లేకపోతే పని ఆగిపోతుంది. నెట్ సెంటర్‌లో అప్‌లోడ్ అయ్యాక ఆ కంప్యూటర్‌లోనూ వాట్సాప్‌లోనూ ఉన్న కాపీలు కళ్లముందే డిలీట్ చేయించండి. మొహమాటం వద్దు. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఇక సొంతంగా సైట్ నడిపే మదర్సాలు, స్కూళ్లు, నికాహ్ బ్యూరోల వాళ్లకు. ఆడపిల్లల ఫొటోలు, బయోడేటాలు మీ దగ్గరికి అప్‌లోడ్ అవుతున్నాయి. సైట్ చేసిన అబ్బాయిని పిలిచి మూడు ప్రశ్నలు అడగండి. వచ్చిన ఫైల్‌కు పంపినవాళ్లు పెట్టిన పేరే ఉంచుతున్నామా, మనం కొత్త పేరు పెడుతున్నామా? ఆ ఫైళ్లు సైట్ నడిచే ఫోల్డర్‌లోనే ఉన్నాయా, వేరే చోట ఉన్నాయా? వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కు ఆఖరిసారి అప్‌డేట్ వేసింది ఏ తేదీన? మూడోదానికి తేదీ చెప్పలేకపోతే, చెప్పేదాకా అప్‌లోడ్ బటన్ తీసేయించి, కాగితాలు ఆఫీసులోనే చేతికి తీసుకోండి.