పండగ మూడు రోజులూ ముమ్మిడివరం చుట్టూ జంటగా

ఇంగ్లండ్‌లో వరసగా మూడు రోజులు సెలవు దొరికితే మొగుడూ పెళ్లాం బూట్లు తొడుక్కుని పల్లెల్లోకి పోతారు. పొలాల మీదుగా నడవడం, ఊళ్లో పబ్బు కనబడితే ఆగి కడుపు నింపుకోవడం, మళ్లీ నడవడం. అంతే కార్యక్రమం. ఇంగ్లండ్, వేల్స్‌లలో జనం హక్కుగా నడవగల దారులు రెండు లక్షల కిలోమీటర్ల పైమాటే. దారి తన చేలోంచి పోతున్నా రైతు కాదనకూడదు. దున్నితే మళ్లీ సరిచేసి ఇవ్వాలి, పైరు దారి మీద పడకుండా చూడాలి.

మనకీ ఉన్నాయి అలాంటి దారులు. ఊరి పుంతలు, కాలవ గట్లు. మూడు రోజుల సెలవూ ఉంది, భోగి, సంక్రాంతి, కనుమ. కొత్త అల్లుణ్ణి పండక్కి పిలిచి కూర్చోబెట్టి మేపుతారే గానీ, నడిపించాలన్న ఆలోచన అత్తగారికి రాదు. నా మాట విని అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ గట్టెక్కండి. నడవకపోతే రెండో పూటకే ఆకలి చచ్చిపోతుంది.

ఇంతగా తినే సీమలో ముమ్మిడివరం పేరు దేశమంతా తెలిసింది తినని మనిషి వల్ల! 1940ల చివర్లో తపస్సుకి కూర్చున్న బాలయోగి 1985లో సమాధి అయ్యేదాకా మౌనంగానే ఉండిపోయారు. ఏడాదికి ఒక్కసారి, శివరాత్రికి మాత్రమే దర్శనం. ఆ రోజు ఊరు పట్టనంత జనం వచ్చేవారు. ఆహారం లేకుండానే ఉన్నారన్నది భక్తుల నమ్మకం.

మీరు మాత్రం తినే బయల్దేరండి. అంబాజీపేట వైపు వెళ్తే పొద్దున్నే పొట్టిక్కలు. నాలుగు పనసాకుల్ని కొబ్బరి ఈనె ముక్కలతో గుచ్చి బుట్టలా చేస్తారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. విప్పినప్పుడు ఆకు ఈనెల గీతలన్నీ పొట్టిక్క మీద అచ్చుపడి ఉంటాయి, లేత పనసాకు వాసన పిండిలోకి దిగి ఉంటుంది. ఆకు తీసేసి ప్లేటులో పెట్టిస్తే అది పొట్టిక్క కాదు, ఉత్త ఇడ్లీ. ఆకుతోనే ఇమ్మనండి. పచ్చడి కొబ్బరిదే. ఈ ఊళ్లో వేరే పచ్చడి అడిగితే బాగుండదు.

కనుమ నాడు ఆ పక్కనే మొసలపల్లిలో జగ్గన్నతోట తీర్థం. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, ఉన్నది కొబ్బరితోట. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ప్రభలెక్కి అక్కడికొచ్చి కలుసుకుంటారు. వెదురుతో కట్టి, రంగుబట్టలు చుట్టి, గంటలు వేలాడదీసిన ఎత్తైన ప్రభల్ని ఏ బండి మీదా పెట్టరు, భుజాల మీదే మోస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు వచ్చేటప్పుడు చూడాలి. మోసేవాళ్లు కౌశిక కాలవలోకి దిగిపోతారు. నీళ్లు నడుం దాటుతుంటాయి, ప్రభ ఒక పక్కకి ఒరుగుతుంది, గట్టు మీద జనం ‘అశ్శరభ శరభ’ అని అరుస్తారు, ఒరిగిన ప్రభ మళ్లీ నిటారుగా లేస్తుంది. తర్వాత పచ్చటి వరిచేల మీదుగానే పరుగు. ఇంగ్లండ్ రైతు చేత చట్టం దారి ఇప్పించింది. ఇక్కడి రైతు తన చేలో ప్రభ నడిస్తే ఆ ఏడు పంటకి మంచిదంటాడు, తొక్కిన నారు లెక్కపెట్టడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ నడిపిన శకటం ఈ ప్రభల తీర్థమే.

దేవుడికి రోజూ పెళ్లి జరిగే ఊరు తెలుసా? ముమ్మిడివరానికి కూతవేటు దూరంలోని మురమళ్ల. వృద్ధ గౌతమి ఒడ్డున భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం. పెళ్లి కుదరనివాళ్లు స్వామి పెళ్లి చేయిస్తామని మొక్కుకుంటారు, తేదీలు ముందే నిండిపోతాయి. అప్పటికే పెళ్లయిన జంట రేవులో కాసేపు కూర్చుని గాలి పీల్చుకుంటే చాలు.

ఇంకొంచెం ముందుకెళ్తే ఎదుర్లంక, 1998 నుంచి 2002 దాకా లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి పుట్టిన ఊరు. అక్కడి నుంచి గౌతమి మీద ఆయన పేరే పెట్టిన వంతెన. పొద్దున్నే నడిచి దాటితే యానాం.

యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. బాల్య వివాహాల్ని ఆపే శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి రాగానే, ఇవతలి జిల్లాల నుంచి పిల్లల్ని తీసుకుని జనం యానాం పరుగెత్తారు. అక్కడ ఆ చట్టం లేదు మరి. అలా దానికి కల్యాణపురం అనే పేరొచ్చింది. గొప్పగా చెప్పుకునే పేరేం కాదు. ఇప్పుడు యానాం పత్రికలకెక్కేది అల్లుడి విస్తరితో: 2025 సంక్రాంతికి ఓ ఇంట్లో కొత్త అల్లుడి ముందు 470 రకాలు పెట్టారు. అంతకు మూడేళ్ల ముందు నరసాపురంలో 365తో సరిపెట్టారు. ఒక్కొక్కటి గోటితో గిల్లి నోట్లో వేసుకున్నా మధ్యాహ్నం గడిచిపోతుంది. నన్నడిగితే పనసపొట్టు ఆవపెట్టిన కూర ఒక్కటి కుదిరితే చాలు, మిగతా 469 ఫొటోకి.

ఎన్ని రకాలు పెట్టినా పండగ అల్లుడికి అందనివి రెండున్నాయి. ఒకటి పులస. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, గోదావరికి ఎర్రనీరు తగిలాక ఎదురీది వచ్చి పులస అవుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకానే. మట్టి దాకలో బెండకాయలేసి సన్నటి సెగ మీద పులుసు పెట్టి, మర్నాడు తినాలి. రెండోది చీరమేను. తూర్పుగాలి మళ్లాక, అక్టోబరు నవంబరుల్లో, యానాం భైరవపాలెం దిక్కున నీళ్లలో కదిలే చిట్టి చేపపిల్లలు. వల కన్నాల్లోంచి జారిపోతాయి కాబట్టి చీరలతో పడతారు, తూకం వెయ్యకుండా కొలిచి అమ్ముతారు. పుస్తెలమ్మైనా పులస తినాలని, చీర అమ్మైనా చీరమేను తినాలని సామెతలు. రెండింట్లోనూ అమ్ముడుపోయేవి ఇల్లాలివే. వాచీ అమ్మమని మొగుడికి చెప్పే సామెత నాకింతవరకూ వినబడలేదు.

నడకకి నా ఓటు లొల్ల లాకుల దగ్గర గట్టుకి. ఆ పక్కదే ఆత్రేయపురం. బోర్లించిన కుండ కింద మంట, సన్నటి గుడ్డని పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే, తడి ఆరేలోపే రేకు లేచొస్తుంది. ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఆ లాకుల్లోకి నీళ్లు తెచ్చిన కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీటిని వైనతేయ దాటించడానికి గన్నవరం దగ్గర ఏటి మీద 49 కమానుల అక్విడెక్టు కట్టారు. కింద ఏరు, పైన కాలవ. లంకల గన్నవరంలోనే డొక్కా సీతమ్మ, జోగన్న దంపతులు ఏటి దారిన వచ్చేపోయే వాళ్లకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టారు. ఒకసారి సీతమ్మ అంతర్వేది యాత్రకి బయల్దేరిందట. దారిలో ఓ కుటుంబం, సీతమ్మగారింటికి చేరితే పిల్లలకి అన్నం దొరుకుతుందని మాట్లాడుకోవడం విని, పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకన్నా ముందే ఇల్లు చేరి వంట మొదలెట్టిందని చెబుతారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆమె ఫొటో తెప్పించుకున్నాడని కూడా ఇక్కడ అందరూ చెప్పే మాట. పాత అక్విడెక్టు పక్కన కొత్తది కట్టినప్పుడు సీతమ్మ పేరే పెట్టారు. 2024లో సర్కారు బడుల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే వచ్చింది.