సుత్తితో కొడితే ‘టంగ్’మనలేదు

దీపావళికి ముందు ఆదివారం. వెల్డింగ్ బాబాయ్ మా జీపు ఛాసిస్ కింద దూరి, చిన్న సుత్తితో ముందు నుంచి వెనక్కి కొట్టుకుంటూ వస్తున్నాడు. టంగ్... టంగ్... టంగ్. వెనక చక్రం దగ్గర, స్ప్రింగు పట్టీ తగిలించే చోటికి వచ్చేసరికి చప్పుడు మారిపోయింది. డబ్. ఇంకోసారి కొట్టాడు. ఈసారి సుత్తి మొన లోపలికే దిగింది.

బయటికొచ్చి చేతులు దులుపుకొని, ‘‘ఇది ఇనుం కాదు బాబూ, అప్పడం’’ అన్నాడు.

అప్పటికి నాలుగున్నరేళ్లు. నా ఎక్సెల్ షీటు ప్రకారం 2,86,000 రూపాయలు. ఆ సుత్తి దెబ్బ మొదటి రోజే కొట్టించి ఉంటే ఖర్చు ఎంతయ్యేదో తెలుసా? ఒక టీ.

పాత జీపుల్ని బాగుచేసే వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఇరవై నిమిషాల్లో తుప్పు కుప్ప కాస్తా తళతళలాడుతూ షెడ్డులోంచి బయటికొస్తుంది. వెనక మ్యూజిక్కు, కింద హార్ట్ ఎమోజీలు. మధ్యలో వదిలేసినవాళ్లు మాత్రం వీడియో పెట్టరు. అందుకే వాళ్ల తరఫున నేను రాస్తున్నా.

మాది నర్సీపట్నం పక్కన పల్లెటూరు. జీపు మహీంద్రా ఎంఎం 540, 1990 మోడల్. 1998లో నాన్న సెకండ్ హ్యాండులో కొన్నాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి దాకా ఘాట్ రోడ్డులో జనాన్ని ఎక్కించుకుని తిప్పేవాడు. బోర్డు తెలుపే గానీ చేసే పని పసుపు బోర్డుది. అప్పట్లో ఏజెన్సీ అంతా అలాగే నడిచిందిలెండి. సంతరోజైతే లోపల ఎంతమందో, వెనక వేలాడేవాళ్లు ఎంతమందో, టాపు మీద అల్లం బస్తాలెన్నో లెక్కే ఉండేది కాదు. టెన్త్ దాకా నా ఫీజులన్నీ ఆ జీపే కట్టింది. 2012లో ఆపేశాడు. ఆటోలు పెరిగాయి, పోలీసులూ పట్టు బిగించారు. నాన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. జీపు పశువుల పాకలో ఓ మూలకి చేరింది.

2021లో వర్క్ ఫ్రం హోమ్ పుణ్యమా అని ఇంటికొచ్చా. రోజూ మీటింగులో మ్యూట్‌లో ఉండి కిటికీలోంచి చూస్తే అదే కనపడేది. మొదటి బోనస్ చేతికొచ్చిన వారం దాన్ని బయటికి లాగించా.

జీపు సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ‘ఎంఎం 540యా, స్పేర్లకేం కొదవలేదు’ అంటారు. నిజమే. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుల్ని 1947 నుంచి మహీంద్రా మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి మోడళ్లు మారినా జీపు రూపం పెద్దగా మారలేదు. 540లో ఉండేది పెజో డిజైను డీజిల్ ఇంజిను, పేరు ఎక్స్‌డీపీ 4.90. నాలుగు సిలిండర్లు, ఒక్కో బోరు 90 మిల్లీమీటర్లు, అదే ఆ పేరు. మొత్తం 2112 సీసీ. గాస్కెట్లూ బేరింగులూ విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే దొరుకుతాయి. పైబాడీ మొత్తం కొత్తది కావాలన్నా హరియాణాలో మండీ డబ్వాలీ అనే ఊరుంది. అక్కడ జీపు బాడీలు చేయడమే పని.

ఇదే నన్ను ముంచింది. అన్నీ దొరుకుతున్నాయి కదా, ఇక ఆగడమెందుకు అనిపించింది.

మొదట కొన్నది ఏంటో చెప్తే నవ్వుతారు. టైర్లు. పెద్ద గళ్ల టైర్లు నాలుగు, స్టెప్నీతో కలిపి ఐదు. తర్వాత హెడ్‌లైట్లు. ఆ తర్వాత స్టీరింగు. పునాది చూడకుండా గుమ్మానికి తోరణాలు కట్టినట్టు. ఫోటో పెడితే ఊళ్లో ఫ్రెండ్సంతా ‘సూపర్ మామా’ అన్నారు. ఆ లైకుల కిక్కుతో ఇంజిను దించాం. బోరు పని, క్రాంకు పని, పంపు, నాజిళ్లు... 96 వేలు. దసరాకి స్టార్ట్ చేస్తే ఒకే సెల్ఫుకి లేచింది. పాకలో గేదె బెదిరి తాడు తెంచుకుంది. అమ్మ హారతిచ్చింది. ఆ రోజు ఆనందం మాత్రం అబద్ధం కాదు.

ఛాసిస్ ఎవరూ చూడలేదు. నల్ల పెయింటు కింద బాగానే కనిపించింది మరి.

ఇంజిను భయపెడుతుంది, తుప్పు నవ్వుతుంది

నాలుగున్నరేళ్లలో నేర్చుకున్నదాంట్లో గట్టిగా చెప్పగలిగేది ఇదొక్కటే. ఇంజిను పోయిందంటే అందరూ హడలిపోతారు. పొగ, చప్పుడు, నూనె... అంతా పెద్ద సీను. కానీ ఇంజిను విడిగా వచ్చేస్తుంది, మనకి తెలిసిన లెక్కలోనే బాగవుతుంది. లేదంటే వేరేది దొరుకుతుంది. తుప్పు అలా కాదు. అది చప్పుడు చెయ్యదు. ఛాసిస్ అంటే బండికి వెన్నెముక. రెండు పొడవాటి ఇనుప పట్టీలు, మధ్యలో అడ్డ దూలాలు. స్ప్రింగులు, స్టీరింగు, ఇంజిను అన్నీ దాన్నే పట్టుకుని వేలాడతాయి. జీపు నాలుగు వైపులా ఉండేవి పట్టీ స్ప్రింగులే కాబట్టి, గోతిలో పడిన ప్రతిసారీ దెబ్బంతా అవి తగిలించిన చోటే పడుతుంది. మాది ఏళ్లపాటు మోయాల్సినదానికి రెండింతలు మోసింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు పశువుల పాకలో, పేడా మూత్రం తడిలో నిలబడింది. ఇనుముకి అంతకంటే పెద్ద శత్రువు ఉండదని వెల్డింగ్ బాబాయ్ ఆ రోజు చెప్పాడు.

‘‘అతుకేస్తే ఆగదా?’’ అన్నాను.

‘‘ఎయ్యొచ్చు. కానీ అతుకు పట్టుకోడానికి పక్కన మంచి ఇనుం ఉండాలి కదా బాబూ.’’

చూస్తే అప్పటికే అక్కడ మూడు పాత అతుకులున్నాయి. అతుకు మీద అతుకు. మా ఆఫీసులో పదిహేనేళ్ల నాటి కోడ్ ఒకటుంది, అచ్చం ఇలాగే ఉంటుంది. దాన్నెవరూ ముట్టుకోరు.

సరే, ఛాసిస్సే వేరేది వేద్దామనుకున్నా. అక్కడ రెండో గోడ. ఆర్‌సీలో ఉండే ఛాసిస్ నంబరు చెక్కి ఉండేది ఆ ఇనుము మీదే. ఛాసిస్ మారిస్తే కాగితాల ప్రకారం అది మన బండే కాదు. పోనీ పాతదాని మీద నంబరైనా సరిగ్గా ఉందా అంటే, ఆర్టీఏ వాళ్లు తీసినట్టే కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది చూశాం. రెండు అంకెలు రాలేదు. తుప్పు తినేసింది.

ఆర్‌సీ గడువూ 2015లోనే అయిపోయింది. సొంత బండికి రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఒకప్పుడు ఆ ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు, ఆలస్యానికి కట్టేది వేరే. డబ్బు సంగతి పక్కన పెట్టినా, కనపడని నంబరుతో ఫిట్‌నెస్‌కి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? వింటేజ్ కింద చేయిద్దామని ఒక ఫ్రెండు సలహా ఇచ్చాడు. దానికి బండి వయసు యాభై ఏళ్లు దాటాలి. అంటే 2040 దాకా ఆగాలి. అప్పటికి నాకు నలభై మూడు, జీపు ఎలా ఉంటుందో దేవుడికెరుక.

ఇంకో ఫ్రెండు ఏకంగా వేరే జీపు నంబరు ఉన్న ఛాసిస్ ‘చూసిపెడతా’నన్నాడు. అలాంటి మాట వినపడితే ఫోన్ పెట్టేయండి. అది రిస్టొరేషన్ కాదు, కేసు.

ఎక్సెల్‌లో ఒక కాలం దాచేశా

ఆ రాత్రి ల్యాప్‌టాప్ తెరిచా. ‘పెట్టిన ఖర్చు’ అనే కాలం మీద రైట్ క్లిక్ చేసి హైడ్ కొట్టా. ఎందుకంటే అది చూసినంతసేపూ బుర్ర ఒకటే అంటుంది: ఇంత పెట్టాక ఇప్పుడెలా వదిలేస్తాం? ఆ 2,86,000 నేను ముందుకెళ్లినా రాదు, ఆపేసినా రాదు. మిగిలిన ప్రశ్న ఒకటే. ఈ జీపు ఈ రోజే, ఈ స్థితిలోనే, ఎవరో ఉచితంగా ఇస్తానంటే తీసుకుంటానా?

మిగిలిన పనుల లెక్క కట్టా. బాడీ, గేరుబాక్సు, బ్రేకులు, వైరింగు... 3,40,000 దాకా తేలింది, ఛాసిస్ కాకుండానే. నేను చూసిన ప్రకటనల్లో అంతకంటే పెద్ద తేడా లేకుండా కాగితాలన్నీ ఉండి నడుస్తున్న అదే మోడల్ జీపులున్నాయి. ఫోన్ గ్యాలరీలో ఇంకో నిజం దొరికింది. జీపు దగ్గర తీసిన ఫోటోలు 2021లో నాలుగొందలు. 2025 మొత్తానికి పదకొండు. ఆఫీసుకి హైదరాబాద్ రమ్మన్నాక, రెండు నెలలకోసారి వచ్చి దాని మీద టార్పాలిన్ సర్దడమే నేను చేస్తున్న పని.

అలాగని ప్రతిదీ వదిలెయ్యమని కాదు. మా కొలీగ్ దగ్గర జిప్సీ ఉంది, 2004ది. ఇంజిను పూర్తిగా సీజ్ అయింది, సీట్లు ఎలుకలు తినేశాయి. అమ్మేస్తానన్నాడు. నేనే వద్దన్నా. కింద దూరి సుత్తితో కొడితే ఈ చివర నుంచి ఆ చివరకి గుడి గంటలా మోగింది. ఆర్‌సీ బతికే ఉంది. చూడ్డానికి మా జీపే బాగుంటుంది, అతనిది చెత్తకుండీలా ఉంటుంది. కానీ లేచేది అదే.

సొట్ట

ఇవన్నీ తెలిసినా నేను ఆగిపోయింది నాన్న దగ్గర. ఈ జీపు బాగుచేసి తాళం ఆయన చేతిలో పెట్టాలన్నది నా కల. ఆయన అరవయ్యో పుట్టినరోజుకి అనుకున్నా, అదీ దాటిపోయింది. దీపావళి రాత్రి టపాసులయ్యాక అరుగు మీద కూర్చుని చెప్పా. ‘‘నాన్నా, జీపు అవ్వదేమో.’’

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘హమ్మయ్య’’ అన్నాడు.

నాకర్థం కాలేదు.

‘‘ఎడంపక్క సొట్ట తియ్యొద్దన్నావట కదరా, గుర్తుగా ఉంటాదని. బాబాయ్ సెప్పాడు. అదెలా పడిందో తెల్సా నీకు?’’

తెలీదు. చిన్నప్పట్నుంచీ ఉంది, అంతే.

వానాకాలం. లంబసింగి నుంచి దిగుతున్నాడట. జీపు నిండా జనం, మెట్ల మీద ముగ్గురు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, నీళ్లు దూరితే పట్టవు. మలుపు దగ్గర కాలు కిందికి దిగిపోయింది, బండి ఆగలేదు. ఒక పక్క లోయ. గేరు తగ్గించి, ఎడమ పక్కన కొండకేసి రాసుకుంటూ, రాసుకుంటూ ఆపాడు. అటు మెట్టు మీద ఉన్నతను ముందే దూకేశాడు కాబట్టి బతికాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి అమ్మకి కూడా చెప్పలేదు. మర్నాడు తెల్లారే మళ్లీ స్టాండులో పెట్టాడు, నా స్కూలు ఫీజుకి గడువు ఆ వారమే అట.

‘‘నీకు గుర్తున్నది జీపు. నాకు గుర్తున్నది ఆ బ్రేకు. ఫీజులు కట్టింది, దండం పెట్టుకుంటాను. మళ్లీ తోలమంటే మాత్రం నావల్ల కాదు నాన్నా. నువ్వు ముచ్చట పడుతున్నావని ఊరుకున్నాను.’’

నాలుగున్నరేళ్లలో ఒక్కసారి కూడా ఆయన్ని అడగలేదని అప్పుడు తట్టింది.

వదిలెయ్యడానికీ పద్ధతుంది. పాత ఇనుం కొట్టుకి తోసేసి ఊరుకోకండి. ఆర్‌సీ రద్దు కాకపోతే కాగితాల్లో ఆ బండికి మీరే యజమాని. బండి వాడకానికి పనికిరాకుండా పోతే పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏకి తెలపాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. కొత్త సొంత బండి కొన్నప్పుడు దాంతో రోడ్డు ట్యాక్సులో 25 శాతం వరకు రాయితీకి కేంద్రం వీలు కల్పించింది. ఎంతిస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, మీ దగ్గర కనుక్కోండి. మాది ట్రక్కు మీద వెళ్లింది. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. నేను వీడియో తియ్యలేదు.

టైర్లు మాత్రం ఉంచా. కొత్తవే కదా. వాటితోపాటు అటక మీద గోనెసంచిలో చుట్టి ఇంకోటి దొరికింది. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు. డీజిల్ కలిసొస్తుందని నాన్న కొన్న కొత్తలోనే ఊడదీసి, గ్రీజు పూసి దాచాడట. అంటే మా ఫోర్ వీల్ డ్రైవ్ జీపు మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ రెండు చక్రాల మీదే ఘాట్ ఎక్కింది. షాఫ్టు మీద తుప్పు చుక్క లేదు.

లంబసింగిలో టూరిస్టుల్ని చెరువులవేనం తీసుకెళ్లే జీపు అతను ఒకడు ఇదే మోడల్ నడుపుతున్నాడు. టైర్లు, షాఫ్టు కలిపి 31,000కి తీసుకున్నాడు. డిసెంబరులో బిగించాక ‘రండి సార్, ఒక రౌండేద్దాం’ అని ఫోన్ చేశాడు. నాన్న రానంటూనే మంకీ క్యాప్ పెట్టుకుని బయల్దేరాడు. మట్టి దారిలో బురద దగ్గర అతను చిన్న లివరు లాగాడు. నాలుగు చక్రాలూ పట్టుకుని జీపు పైకి లేచింది. నాన్న వెనక్కి తిరిగి నా వంక చూసి కనుబొమ్మలెగరేశాడు.

తిరిగి దిగేటప్పుడు నేను వెనక సీట్లోంచి గమనించా. ముందు సీట్లో కూర్చున్న నాన్న, ప్రతి మలుపు దగ్గరా, కుడికాలు నేలకేసి గట్టిగా నొక్కుతూనే ఉన్నాడు.