కీళ్లకు కదలికే తిండి!

కుర్చీలోంచి లేస్తుంటే మోకాలు టక్‌మంటోందా? రెండు గంటలు రీల్స్ చూశాక మెడ పట్టేసినట్టుంటోందా? పాతికేళ్లకే ఇదేంటని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. మనమేమో ‘వాడితే గుజ్జు అరిగిపోతుందేమో’ అని భయపడి, ఉన్న కాస్త కదలికా తగ్గించేస్తాం. చేయాల్సింది మాత్రం సరిగ్గా దీనికి రివర్స్‌లో!

గుజ్జు ఎలా బతుకుతుంది?

మనం గుజ్జు అంటున్నది ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి మృదులాస్థి. దీనికి రక్తనాళాలు ఉండవు. పోషకాలు ప్రధానంగా కీలు లోపలి జిగురు ద్రవం నుంచే అందాలి. నీళ్లలో ఉన్న స్పాంజిని నొక్కి వదిలితే ఎలా పీల్చుకుంటుందో, ఇదీ అంతే. అడుగు వేస్తే నొక్కుకుంటుంది, పాదం ఎత్తితే ద్రవాన్ని పీల్చుకుంటుంది. గంటల తరబడి కదలకపోతే ఆ తిండి సరిగా అందదు.

మరి టక్‌మనే శబ్దం? చాలాసార్లు అది ద్రవంలోని గ్యాస్ బుడగల చప్పుడే. నొప్పి, వాపు లేకపోతే కంగారు అక్కర్లేదు.

ఇంకో సంగతి. అమ్మమ్మలు బాసింపట్టు వేసుకుని అన్నం తినేవారు, గొంతుక్కూర్చుని అంట్లు తోమేవారు. తుంటి, మోకాలు, చీలమండ రోజూ పూర్తిగా వంగేవి. మనకేమో ఆఫీసు కుర్చీ, డైనింగ్ టేబుల్, సోఫా, వెస్టర్న్ టాయిలెట్! చాలామంది మోకాలు రోజంతా పూర్తిగా వంగే అవకాశమే తక్కువ. ఆ లోటు తీర్చేందుకే ఈ ఆరు వ్యాయామాలు.

పది నిమిషాలు చాలు

మెడ: నిటారుగా కూర్చుని, తల వంచకుండా గడ్డాన్ని నేరుగా వెనక్కి నెట్టండి. డబుల్ చిన్ వచ్చినా పర్లేదు! 5 సెకన్లు ఆపి వదలండి. 10 సార్లు.

భుజాలు: గోడకు వీపు ఆనించి నిలబడండి. మోచేతులు వంచి, చేతుల్ని గోడ మీదుగా మెల్లగా పైకీ కిందకీ జరపండి. 10 సార్లు.

మణికట్టు: ‘ఆగు’ అన్నట్టు చెయ్యి ముందుకు చాచి, రెండో చేత్తో వేళ్లను మీ వైపు లాగండి. 20 సెకన్లు. తర్వాత అరచేతిని కిందకు వంచి అలాగే చేయండి. టైపింగ్, గేమింగ్ తర్వాత తప్పనిసరి.

తుంటి: ఒక మోకాలిని దిండు మీద ఆనించి, రెండో పాదాన్ని ముందు పెట్టండి. వీపు వంచకుండా నడుమును కాస్త ముందుకు జరపండి. తొడ పైభాగంలో లాగినట్టు అనిపించాలి. ఒక్కో వైపు 30 సెకన్లు.

మోకాలు: చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేచి, మెల్లగా కూర్చోండి. 10 సార్లు. ధబ్‌మని కూలబడొద్దు. తొడ కండరం గట్టిపడితే మోకాలికి అంత ఆసరా. లేవడం కష్టమైతే కూర్చునే కాలు నిటారుగా చాచి 5 సెకన్లు ఆపండి.

చీలమండ: చేతులు గోడకు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముందుకు వంగండి. పిక్కలో 30 సెకన్లు లాగుతుంది. రెండో కాలికీ అంతే. బ్రష్ చేసేటప్పుడు మునివేళ్ల మీద లేచి దిగడం బోనస్!

ఇవి మర్చిపోవద్దు

నిద్ర లేవగానే స్ట్రెచ్‌లు మొదలెట్టొద్దు, ముందు రెండు నిమిషాలు అటూ ఇటూ నడవండి. ఊపిరి బిగబట్టొద్దు, కుదుపులు వద్దు. లాగినట్టుంటే ఓకే, పొడిచినట్టుంటే ఆపేయండి. అరగంటకోసారి కుర్చీ వదలండి. ఫోన్ మాట్లాడేటప్పుడు నడిస్తే అదీ లెక్కే. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం లాంటి శ్రమ, రెండు రోజులు కండరాల వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

కీలు వాచి వేడిగా, ఎర్రగా ఉన్నా, మధ్యలో ఇరుక్కుపోయినట్టు కదలకపోయినా, దెబ్బ తగిలాక బరువు మోపలేకపోయినా ఆలస్యం చేయొద్దు. ముఖ్యంగా పొద్దున్నే కీళ్లు బిగుసుకుని, అరగంట దాటినా వదలకుండా, వారాల తరబడి ఇలాగే ఉంటే చూపించుకోండి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటివి 20ల్లోనూ మొదలవుతాయి. తొందరగా గుర్తించి మందులు మొదలుపెడితే కీళ్లు పాడవకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. ‘ఈ వయసులో ఏముంటుందిలే’ అని వదిలేయొద్దు.

అలాంటివేం లేవా? అయితే ఫోన్ పక్కన పెట్టి, ఆ కుర్చీలోంచే పదిసార్లు లేచి కూర్చోండి!