పాత నూనెతో వేడినీళ్ళ పొయ్యి: సంఘాలు తెలుసుకోవలసిన సంగతులు

సికింద్రాబాదు శివారులోని ఒక పాల సంఘానికి మేము తనిఖీకి వెళ్ళిన ఉదయం అక్కడ ఎవరి ముఖంలోనూ కళ లేదు. పాలకోసం వచ్చిన ట్యాంకరు ఖాళీగా తిరిగి వెళ్ళింది. కొవ్వు శాతం సరిగానే ఉంది. ఎస్.ఎన్.ఎఫ్. సరిగానే ఉంది. కాని బల్క్ కూలరు మూత తెరవగానే పొగవాసన. రెండు పూటల పాలడబ్బు సభ్యులందరికీ పోయింది.

కారణం వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. పాలగది వెనుక గోడకు ఆనుకొని ఒక ఇనుప పొయ్యి ఉన్నది. జనరేటరులో మార్చిన పాత ఇంజనాయిల్, మెకానిక్ షెడ్లలో కొన్న మరికొంత నల్లనూనె అందులో పోసి, క్యాన్లు కడగడానికి నీళ్ళు కాస్తున్నారు. కట్టెల ఖర్చు తగ్గించాలన్న మంచి ఉద్దేశంతోనే కార్యదర్శిగారు రాణీగంజ్‌లో గొట్టం, బ్లోయరు కొని ఆ పొయ్యి చేయించారు. పనితనంలో లోపం లేదు. నూనె ఎంపికలో, స్థలం ఎంపికలో, గాలి అమరికలో లోపం ఉన్నది.

ఆ తరువాత మరికొన్ని సంఘాలవారు, "అటువంటి పొయ్యి మేమూ పెట్టుకోవచ్చునా?" అని మమ్మల్ని అడిగారు. అందరికీ ఒకేసారి జవాబు చెప్పడం మంచిదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

పొయ్యి పనిచేసే తీరు

చలిదేశాలలో మోటారు మెకానిక్కులు తమ షెడ్లను వెచ్చగా ఉంచుకోవడానికి ఇటువంటి పొయ్యిలు వాడతారు. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగిన తరువాత వీటిపై ఆసక్తి ఇంకా పెరిగింది. మన ప్రాంతంలో షెడ్డు వెచ్చబెట్టుకోవలసిన అవసరం లేదు. మనకు కావలసింది వేడినీళ్ళు. పని చేసే సూత్రం మాత్రం ఒకటే.

ఇంట్లో ప్రమిద చూడండి. నిండుగా నూనె పోసి అగ్గిపుల్ల ముంచితే పుల్ల ఆరిపోతుంది గాని నూనె అంటుకోదు. కాలేది నూనె కాదు, నూనె ఆవిరి. ప్రమిదలో ఒత్తి కొద్దికొద్దిగా నూనెను పైకి లాగి మంట వేడికి ఆవిరి చేస్తుంది. ఈ పొయ్యిలో ఒత్తి ఉండదు. ఎర్రగా కాగిన ఇనుప గిన్నెలో నూనె సన్నని ధారగా పడి అక్కడే ఆవిరి అవుతుంది. ఆ ఆవిరికి గాలి తగిలి మండుతుంది. వంటనూనె దాదాపు 300 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే గాని అంటుకునేంత ఆవిరి ఇవ్వదు. కనుక గిన్నె చల్లగా ఉన్నంతసేపు వచ్చేది పొగే.

రెండవది గాలి. ఒక కిలో నూనె పూర్తిగా కాలడానికి దాదాపు 13 కిలోల గాలి, అంటే సుమారు 11 ఘనమీటర్ల గాలి కావాలి. ఇంత గాలి అందకపోతే మిగిలిన నూనె మసిగా, పొగగా, వాసనలేని విషవాయువుగా బయటికి వస్తుంది. పొగ కనిపిస్తున్నదంటే డబ్బిచ్చి కొన్న నూనె గాలిలో కలుస్తున్నదని అర్థం.

ఏ నూనె పోయాలి?

ఇంజన్లలో వాడిన నూనెను ఇందులో పోయవద్దు. ఇది మా సలహా మాత్రమే కాదు. 2016 సంవత్సరపు ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన ఇంజనాయిల్ ప్రమాదకర వ్యర్థం. దానిని అధికారం పొందిన రీసైక్లర్లకే అప్పగించాలి. లూబ్రికెంటు నూనెలు తయారుచేసే సంస్థలకు, వాడిన నూనెను రీసైకిలు చేయించే బాధ్యత కూడా 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అమెరికాలో సొంత వర్క్‌షాపులో పోగైన నూనెను చిన్న హీటర్లలో కాల్చుకోవడానికి అనుమతి ఉన్నది. కాని అక్కడ కూడా హీటరు గంటకు 5 లక్షల బీటీయూలు మించరాదని, పొగ తప్పనిసరిగా బయటికే పోవాలని షరతులున్నాయి.

నియమం వెనుక కారణం ఉన్నది. ఇంజనాయిల్‌లో తయారీలోనే కలిపే జింకు ఉంటుంది. ఇంజను అరుగుదల వల్ల వచ్చే లోహపు పొడి ఉంటుంది. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 సంవత్సరంతో పోయినా, బేరింగుల అరుగుదల నుంచి సీసం ఇంకా చేరవచ్చు. నూనె కాలిపోతుంది గాని లోహం కాలదు. అది బూడిదగా పొగగొట్టంలోంచి లేచి చుట్టుపక్కల గడ్డిమీద వాలుతుంది. ఆ గడ్డి మేసేది మన గేదెలే. పాత ఇంజనాయిల్ డబ్బా నాకిన పశువులకు సీసం విషం ఎక్కడం పశువైద్యులకు తెలిసిన విషయం. అందువల్ల జనరేటరు నూనె మార్చినప్పుడు దానిని మూత ఉన్న డబ్బాలో, పశువులకు అందనిచోట దాచి, 90 రోజులలోగా అప్పగించి రసీదు తీసుకోండి.

వాడిన వంటనూనె సంగతి వేరు. అందులో ఈ లోహాలుండవు. పదేపదే కాగిన నూనె తినడానికి పనికిరాదు. 2018 జూలై 1 నుంచి మొత్తం పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. అటువంటి నూనెను బయోడీజిలు తయారీకి సేకరిస్తున్నారు. అది కాక మీకు దగ్గరలోని మిఠాయి దుకాణం, బజ్జీల బండి నుంచి నమ్మకంగా దొరికే నూనె ఉంటే ఈ పొయ్యికి పనికివస్తుంది.

కట్టుకునే పద్ధతి

పొయ్యి ఒంటికి 10 అంగుళాల వ్యాసం, 2 అడుగుల ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందం గల ఇనుప గొట్టం తీసుకోండి. పలుచని రేకు డ్రమ్ము కొద్దిరోజులకే కాలి చిల్లులు పడుతుంది. జింకుపూత గొట్టం వద్దు. వేడికి దాని పొగ ఊపిరికి హాని. పాత గ్యాసు సిలిండరును కోయడం అసలే వద్దు.

అడుగున పోతఇనుప గిన్నె ఒకటి పెట్టాలి. లారీ పాత బ్రేకు డ్రమ్ముకు అడుగు వేయించినా సరిపోతుంది. మూతలోంచి 2 అంగుళాల గాలిగొట్టం దిగి, గిన్నెకు నాలుగు వేళ్ళ ఎత్తున ఆగాలి. దాని చివర మూసివేసి, కింది భాగంలో చుట్టూ 6 మిల్లీమీటర్ల రంధ్రాలు 40 వరకు వేయించండి. గాలి మంట మధ్యలోకి అన్ని వైపులా తగలడమే దీని ప్రయోజనం. బ్లోయరు చిన్నదే చాలు. దాని నోటివద్ద గాలిని తగ్గించే పలక ఉండాలి.

నూనె డబ్బా 5 లీటర్లకు మించరాదు. అది పొయ్యికి కనీసం 4 అడుగుల దూరంలో, కొంచెం ఎత్తులో ఉండాలి. డబ్బా దగ్గర ఒక వాల్వు, పొయ్యి దగ్గర సన్నగా తిప్పుకోగల మరొక వాల్వు పెట్టండి. నూనె గొట్టం నేరుగా పొయ్యిలోకి పోరాదు. ధార గరాటలో పడుతూ కంటికి కనిపించాలి. అప్పుడే ఎంత పడుతున్నదో తెలుస్తుంది, వేడి వెనక్కి పాకదు.

పొయ్యి పైన ఇటుకల గూడు కట్టి, వేడిగాలి కాగు అడుగును చుట్టి పొగగొట్టంలోకి పోయేటట్లు చేయండి. పొగగొట్టం 5 అంగుళాల వ్యాసం, 15 అడుగుల ఎత్తు, కప్పుకన్న 2 అడుగులు పైకి ఉండాలి. కాగుకు మూత వదులుగా ఉండాలి. బిగించిన తొట్టిలో నీళ్ళు కాస్తే ఆవిరి ఒత్తిడికి తొట్టి పేలిపోతుంది.

ఇక స్థలం. పాలగదికి గాలి వీచే వైపున పెట్టవద్దు. పాలకొవ్వు వాసనను ఇట్టే పట్టుకుంటుంది. వేరే చావడిలో, మూడు వైపులా గాలి ఆడేటట్లు, గడ్డివాముకు దూరంగా ఉండాలి.

వెలిగించడం, సరిచేసుకోవడం

నూనెను పాతగుడ్డలో వడగట్టి వారంరోజులు కదపకుండా ఉంచండి. మడ్డి, నీరు అడుగుకు దిగుతాయి. పైతేట మాత్రమే వాడాలి. అనుమానముంటే వేడి పెనం మీద ఒక చుక్క వేసి చూడండి. చిటపటమంటే నీరున్నట్లే. నూనెలో నీరుంటే అది ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బి, మండే నూనెను బయటికి చిమ్ముతుంది.

గిన్నెలో కొద్దిగా కిరోసిను తడిపిన గుడ్డతో మంట పెట్టి, బ్లోయరు నెమ్మదిగా నడిపి, గిన్నె బాగా కాగేవరకు 10 నిమిషాలు ఆగండి. పెట్రోలు ఎప్పుడూ వాడరాదు. తరువాతనే ధార వదలాలి. మొదట పావులీటరు కొలపాత్ర 15 నిమిషాలలో నిండేటంత ధార చాలు. అది గంటకు 1 లీటరు.

ఇప్పుడు బయటికి వచ్చి పొగగొట్టం కొన చూడండి. నల్లపొగ వస్తే నూనె ఎక్కువ, లేదా గాలి తక్కువ. తెల్లపొగ, కళ్ళు మండే వాసన వస్తే గిన్నె చల్లబడింది, లేదా నూనెలో నీరున్నది, లేదా గాలి మరీ ఎక్కువై మంటను చల్లబరుస్తున్నది. కొనవద్ద పొగ లేక, ఎండలో రోడ్డుమీద కనిపించే వేడి అలలు మాత్రమే కనిపిస్తే సరిగా ఉన్నట్లు. ఒకసారికి ఒకటే మార్చండి, నూనె గాని గాలి గాని. మార్చాక 10 నిమిషాలు వేచి చూడండి. రెండూ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో తెలియదు. సరిపడిన చోట వాల్వుమీద, పలకమీద రంగుతో గీత పెట్టుకోండి. చల్లారిన తరువాత ప్రతిరోజూ గిన్నెలోని బొగ్గు గీకి తీయాలి.

మంట మధ్యలో ఆరిపోతే అసలైన ప్రమాదం అప్పుడే. వేడిగిన్నెలో నూనె ఆవిరి అవుతూనే ఉంటుంది, పొయ్యి అంతా నిండుతుంది. మేము మొదట చెప్పిన సంఘంలో పనిచేసే కుర్రవాడు ఇటువంటి వేళ అగ్గిపుల్ల గీశాడు. కనుబొమలు కాలాయి, దేవుని దయవల్ల కళ్ళు దక్కాయి. మంట ఆరితే నూనె కట్టివేసి, బ్లోయరు నడపనిచ్చి, పొయ్యి పూర్తిగా చల్లారాకనే మళ్ళీ వెలిగించాలి. దగ్గర రెండు ఇసుక బకెట్లు ఉంచండి. మండే నూనెమీద నీళ్ళు పోయరాదు. విడిచి ఎక్కడికీ పోరాదు.

లెక్క చూసుకోండి

100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు కాయడానికి 5,000 కిలోకేలరీలు కావాలి. లీటరు వంటనూనెలో సుమారు 8,200 ఉంటాయి. సగం వేడి పొగగొట్టంలో పోతుందనుకుంటే పూటకు దాదాపు లీటరుంబావు నూనె, రెండు పూటలకు 2.5 లీటర్లు, నెలకు 75 లీటర్లు. జనరేటరు నుంచి ఒకసారి దిగే 10 లీటర్ల నూనె నాలుగు రోజులకే సరి. ఊరికే వచ్చిందనుకున్న నూనె అయిపోయాక ఊరూరా కొనుక్కురావాలి. ఆ సంఘం నల్లనూనె కొనడం మొదలుపెట్టింది అందుకే. నెలకు 75 లీటర్ల వంటనూనె నమ్మకంగా దొరికే దారి లేనివారు పొయ్యి మొదలుపెట్టవద్దు.

వేడి మన దగ్గరే ఉన్నది

బల్క్ కూలరు ఉన్న సంఘాలు మరొక లెక్క చూడాలి. 1,000 లీటర్ల పాలను 35 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు చల్లార్చేటప్పుడు దాదాపు 30,000 కిలోకేలరీల వేడి పాలలోంచి బయటికి వస్తుంది. దానిని కూలరు వెనుక ఫ్యాను గాలిలోకి ఊదేస్తున్నది. కంప్రెసరునుంచి వచ్చే వేడి గ్యాసు గొట్టాన్ని నీళ్ళ తొట్టిగుండా పోనిస్తే 50 డిగ్రీల పైన వేడినీళ్ళు నూనె లేకుండా, పొగ లేకుండా వస్తాయి. ఈ పని స్వయంగా చేయరాదు. శీతలీకరణ ఇంజనీరు చేతనే చేయించాలి. కూలరు లేనివారికి గోబర్ గ్యాసు ఉన్నది. నాలుగైదు పశువుల పేడ, అంటే రోజుకు 50 కిలోలు, 2 ఘనమీటర్ల ప్లాంటుకు సరిపోతుంది.

ఆ సంఘంలో పొయ్యిని చావడిలోకి మార్చారు. నల్లనూనె మానేశారు. కూలరు వేడిని వాడుకోవడానికి పాలకవర్గం తీర్మానం చేసింది. పోయిన పాలడబ్బు మాత్రం తిరిగి రాలేదు. కొత్త పొయ్యి ఏది పెట్టదలచినా ముందు పాలకవర్గంలో చర్చించి, లెక్క కట్టి, తనిఖీకి వచ్చినవారికి స్థలం చూపించి మొదలుపెట్టవలసిందిగా సంఘాలను కోరుతున్నాము. కార్యదర్శులు ఈ వ్యాసాన్ని రాబోయే సమావేశంలో సభ్యులకు చదివి వినిపించగలరు.