టవరెక్కిన మాట

చర్ల సంతలో నిలబడి చూస్తే పామేడు వాళ్లెవరో, ఇవతలి వాళ్లెవరో చెప్పడం కష్టం. ఉప్పూ నూనే మొదలుకుని జ్వరం బిళ్ల దాకా వాళ్లకు చాలాకాలం ఈ ఊరే దిక్కు. కాగితం మీద పామేడుది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, బీజాపూర్ జిల్లా, ఉసూరు బ్లాకు. కానీ సొంత జిల్లా కేంద్రానికి పోవాలంటే ఏళ్ల తరబడి ముందు తెలంగాణలోకి దిగి, చుట్టూ తిరిగి, రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చెయ్యాల్సి వచ్చేది. కలెక్టరు బీజాపూర్‌లో, కిరాణా కొట్టు చర్లలో. వన్‌భైంసా అనే అడవి ఎనుముల కోసం అక్కడో అభయారణ్యం కూడా ఉంది. రోడ్డు మాత్రం మొన్నమొన్నటిదాకా లేదు.

2025 చివర్లో పామేడు దారిలోని కొండపల్లిలో మొదటిసారి సెల్ టవర్ పనిచెయ్యడం మొదలుపెట్టింది. బొమ్మల కొండపల్లి కాదు, అది వేరు. ఇది అడవి కొండపల్లి. జనం పూజ చేశారు, డోలు కొట్టి ఆడారు. టవర్లు కట్టడం కన్నా కాల్చడమే ఎక్కువగా వార్తయిన ప్రాంతంలో ఇది చిన్న సంగతి కాదు. అంబులెన్సును పిలవొచ్చు. రేషన్ వచ్చిందో లేదో అడగొచ్చు. హాస్టల్లో ఉన్న బిడ్డ గొంతు వినొచ్చు.

ఆ డోలు చప్పుడుకు అడ్డం పడటం నా ఉద్దేశం కాదు. సిగ్నల్‌తో పాటు ఇంకేం వస్తుందో మిగతా తెలుగు నేల ఇప్పటికే చూసింది. పామేడు ఇప్పుడు చూడబోతోంది. ఆ తేడా గురించే నా మాట.

ఒక పిల్లను ఊహించుకుందాం. ఊహే కాబట్టి పేరు పెట్టను. ఊరు పామేడు దగ్గర, చదువు ఇవతలి హాస్టల్లో, తొమ్మిదో తరగతి. ఇంట్లో కోయ, పుస్తకంలో తెలుగు. పాఠం చదివేటప్పుడు యాస జారుతుంది. తరగతిలో ఎవరో దాన్ని రికార్డు చేసి, వెనకాల సినిమా కామెడీ సంగీతం పెట్టి, స్టేటస్‌లో వేశారు. పదిహేడు సెకన్లు. సాయంత్రానికి గ్రూపుల్లోకి వెళ్లింది. మర్నాటికి ఆ పిల్ల పేరు పోయి ఆ తప్పు పలికిన మాటే పేరైంది.

ఇందులో కొత్తేముంది? యాసను వెక్కిరించడం బడి పుట్టినప్పటి నుంచీ ఉంది. మావోయిస్టుల మీదికి ఊరివాళ్లనే కూడగట్టిన సల్వాజుడుం రోజుల్లో, 2005 తర్వాత, ఊళ్లు వదిలి ఇవతలికి వచ్చిన కుటుంబాల పిల్లలు తమకు ఇక్కడ పెట్టిన ‘గుత్తికోయ’ అన్న పేరును తిట్టులాగా కూడా విన్నారు. కానీ అప్పుడు ఒక హద్దు ఉండేది. సెలవులిస్తే వాగు దాటేవాళ్లు. వెక్కిరించినవాడు అవతలి గట్టునే ఉండిపోయేవాడు. పది రోజులు అమ్మ చేతి అంబలి తాగి, ఇప్పపూలు ఏరి వచ్చేసరికి గాయం కాస్త మానేది. ఇప్పుడు ఆ పిల్ల కన్నా ముందే పదిహేడు సెకన్లు వాగు దాటి ఇంటికి చేరతాయి.

బడి పిల్లల మధ్య వేధింపు మీద తొలినాళ్లలో పరిశోధించిన నార్వే మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పాడు: నొప్పించాలన్న ఉద్దేశం, మళ్లీ మళ్లీ చెయ్యడం, ఇద్దరి మధ్య బలాబలాల తేడా. ఫోన్ ఈ రెండో గుర్తును తలకిందులు చేసింది. చేసినవాడు ఒక్కసారే చేస్తాడు. మళ్లీ మళ్లీ చేసేది ఫార్వర్డ్ చేసినవాళ్లు. వాళ్లలో ఎవరిని అడిగినా ‘నేనొక్కసారే పంపాను’ అంటారు. నిజమే చెబుతున్నారు.

ఇక వెలివెయ్యడం గురించి కిప్లింగ్ విలియమ్స్ అనే మరో శాస్త్రవేత్త కథ ఉంది. ఒకరోజు పార్కులో కూర్చుంటే ఎవరో ఆడుకుంటున్న ఫ్రిస్బీ వచ్చి ఆయన దగ్గర పడింది. తీసి విసిరాడు. వాళ్లు మళ్లీ ఆయనకే విసిరారు. కాసేపు ముగ్గురూ ఆడారు. తర్వాత ఉన్నట్టుండి ఆ ఇద్దరూ ఈయనకు విసరడం మానేశారు. ముక్కూ మొహం తెలియని మనుషులు, రెండు నిమిషాల ఆట. అయినా లోపల ఎందుకంత గుచ్చుకుందో ఆయనకు అర్థం కాలేదు. దాన్నే తర్వాత కంప్యూటర్ బంతాటగా మార్చాడు. 2003లో ఆ ఆట ఆడిస్తూ మెదడును స్కాన్ చేస్తే, వెలివేసినప్పుడు ఒంటి నొప్పికి స్పందించే భాగాల్లో ఒకటి స్పందించిందని నయోమీ ఐసెన్‌బర్గర్ బృందం ప్రకటించింది. ‘మాటలే కదా, పట్టించుకోకు’ అనే పెద్దలు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. గ్రూపులోంచి తీసేసినప్పుడు పద్నాలుగేళ్ల పిల్లకు తగిలేది మాట కాదు.

అంకెల దగ్గర మాత్రం జాగ్రత్తగా నడవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2024లో విడుదల చేసిన, 44 దేశాల సర్వే ప్రకారం ప్రతి ఆరుగురు కౌమార పిల్లల్లో ఒకరు ఆన్‌లైన్ వేధింపు ఎదుర్కొన్నారు. అమెరికాలో పదేళ్ల నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలు పది వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2022లో వచ్చింది. ఆన్‌లైన్ వేధింపుకు గురైన పిల్లల్లో చనిపోవాలన్న ఆలోచనలు, ప్రయత్నాలు నాలుగు రెట్లకు పైగా కనిపించాయని, బడిలో జరిగే వేధింపును పక్కన పెట్టి చూసినా ఆ సంబంధం పోలేదని అది తేల్చింది. ఫోనే దానికి కారణమని ఇది రుజువు చెయ్యదు. ఇంకో పక్క, ఇంగ్లండులో లక్షా ఇరవై వేల మంది పదిహేనేళ్ల పిల్లలను అడిగి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఫోన్‌లో మాత్రమే వేధింపు ఎదుర్కొన్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. ఫోన్‌లో వేధింపు ఎదుర్కొన్న మిగతావాళ్లను బడిలోనూ ఏడిపిస్తున్నారు.

నాకు ఈ చివరి అంకె మీదే గురి. ముసుగేసుకున్న దుర్మార్గుడెవడో ఎక్కడో చీకట్లో కూర్చుని మన పిల్లను వేటాడుతున్నాడని అనుకోవడం మనకు సుఖం. అలాంటివాళ్లూ ఉన్నారు. కానీ ఎక్కువసార్లు ఆ పని చేసేవాడు పక్క బెంచీలోనే ఉంటాడు. పొద్దున ప్రార్థనలో పక్కనే నిలబడతాడు. అందుకే ఫోన్ లాక్కుంటే ఇది ఆగదు. బెంచీ అక్కడే ఉంటుంది.

ఫోన్ లాక్కోవడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. పిల్లలు చెప్పడం మానేస్తారు. చెబితే ఫోన్ పోతుంది. ఆడపిల్ల అయితే చదువే పోవచ్చు. ‘ఇక చాల్లే, సంబంధం చూద్దాం’ అనే మాట ఎంత తొందరగా వస్తుందో మనకు తెలియనిది కాదు. గ్రామీణ పిల్లల మీద 2024లో జరిగిన అసర్ సర్వేలో, ఫోన్ వాడటం తెలిసిన 14–16 ఏళ్ల మగపిల్లల్లో 36 శాతం మందికి సొంత ఫోన్ ఉంటే, ఆడపిల్లల్లో 27 శాతానికే ఉంది. సోషల్ మీడియా వాడే పిల్లల్లో ఎవరినైనా బ్లాక్ చెయ్యడమో ఫిర్యాదు చెయ్యడమో తెలిసినవాళ్లు 62 శాతం. మిగతావాళ్లకు తలుపు ఎలా వేసుకోవాలో కూడా ఎవరూ చెప్పలేదు.

చెప్పని బాధ ఒంట్లో వేరే దారి వెతుక్కుంటుంది. పిల్లల మనసు చూసే డాక్టర్లకు ఇది అలవాటైన కథే: కారణం దొరకని కడుపునొప్పి, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, బడికి వెళ్లనని మొండికెయ్యడం, ఫోన్ టింగుమంటే ఉలిక్కిపడటం. హాస్టల్లో కడుపునొప్పికి బిళ్ల ఇస్తారు. ‘రాత్రి ఫోన్‌లో ఏం చూశావమ్మా?’ అని అడిగే తీరిక వార్డెన్‌కు ఉండదు.

2024 జులైలో ఓ తండ్రీ చిన్నారి కూతురూ కలిసి ఉన్న వీడియో మీద తెలుగు యూట్యూబర్ ఒకడు, స్నేహితులతో లైవ్‌లో, రాయడానికి వీల్లేని మాటలు అన్నాడు. సినిమా నటుడు సాయి దుర్గా తేజ్ బయటికి తెచ్చాక తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, బెంగళూరులో అరెస్టు చేశారు, పోక్సో కూడా చేర్చారు. నాకు ఆ మాటల కన్నా పక్కవాళ్ల నవ్వులే ఎక్కువ గుర్తున్నాయి. లైవ్‌లో ఉన్నవాళ్లు ‘ఛీ, ఆపు’ అనలేదు. ఆ నవ్వునే మన తొమ్మిదో తరగతి పిల్లలు హాస్యం అని నేర్చుకుంటున్నారు.

చట్టం లేదా అంటే, ముక్కలు ముక్కలుగా ఉంది. ‘సైబర్ బుల్లీయింగ్’ అనే పేరుతో మన దేశంలో నేరమేదీ లేదు. అవమానకర సందేశాలకు వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది, సరిగానే కొట్టేసింది. అశ్లీలం, మార్ఫింగ్, వెంటపడటం ఉంటే ఐటీ చట్టం, పోక్సో, భారతీయ న్యాయ సంహిత పనికొస్తాయి. ఉత్త వెక్కిరింతకు, గ్రూపు వెలికి సెక్షన్ దొరకదు. చేసినవాడూ పద్నాలుగేళ్లవాడే అయినప్పుడు సెక్షన్ వెతకడం కూడా సరికాదేమో. వాడికీ ఒక పెద్ద దిక్కు కావాలి.

పామేడు పిల్లకు ఇంకో చిక్కు. వీడియో చేసినవాడు తెలంగాణలో, తన ఇల్లు ఛత్తీస్‌గఢ్‌లో. ఏ స్టేషనైనా జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాలని కొత్త నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. కానీ తుపాకుల మధ్య రెండు తరాలు గడిపిన ఊళ్లో పోలీసు స్టేషన్ అంటే ఫిర్యాదు చేసే చోటు మాత్రమే కాదు. ఆ గడప తొక్కడానికి వేరే ధైర్యం కావాలి.

ఇవతల కొంత పని జరిగింది. తెలంగాణ మహిళా భద్రతా విభాగం సైబర్ కాంగ్రెస్ పేరుతో 1,650 ప్రభుత్వ బడుల నుంచి, బడికి ఇద్దరు చొప్పున 3,300 మంది విద్యార్థులకు శిక్షణ ఇచ్చింది. ఆలోచన బాగుంది. పిల్లలు టీచరు కన్నా ముందు తోటివాళ్లకే చెబుతారు. కానీ ఆ ఇద్దరిలో ఒకరికి కోయ వస్తుందా అన్నదే చర్ల లాంటి చోట అసలు ప్రశ్న. కోయకు దగ్గరి భాష గోండి మాట్లాడేవాళ్లు 2011 జనాభా లెక్కల్లో దాదాపు 30 లక్షలు, కోయ 4 లక్షలు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో రెండూ లేవు. హిందీ, బెంగాలీల్లోని విద్వేషాన్ని వడకట్టే జల్లెడే ఫేస్‌బుక్ దగ్గర సరిగా లేదని 2021లో ఆ కంపెనీ మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన పత్రాలు చెప్పాయి. ఇక కోయలో తిట్టిన తిట్టును ఏ యంత్రం పట్టుకుంటుంది?

పామేడు ఉన్న ఇదే బస్తర్‌లో ఫోన్‌ను ఇంకోలా వాడిన చరిత్ర ఉంది. 2010లో శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర గుర్తుందా? ఇంటర్నెట్ అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. ఊరివాళ్లు ఒక నంబరుకు చేసి, గోండిలోనో హిందీలోనో తమ గోడు రికార్డు చేసేవాళ్లు. అది అందరికీ వినపడే ముందు ఒక మనిషి కూర్చుని వినేవాడు. నిజమేనా, ఎవరినైనా గాయపరుస్తుందా అని చూసి వదిలేవాడు. ఆ పదిహేడు సెకన్లకూ జనానికీ మధ్య అలాంటి మనిషి ఎవరూ లేరు.

వేధింపు కనిపిస్తే ముందు స్క్రీన్‌షాట్ తీసి దాచాలి, తర్వాత బ్లాక్ చెయ్యాలి. సైబర్ నేరాలకు 1930, పిల్లలకు 1098. మనసు కుంగితే టెలి మానస్: 14416, 2022 అక్టోబర్ 10 నుంచి పనిచేస్తోంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. చనిపోవాలనిపిస్తోందని పిల్ల అంటే, తిట్టకుండా పక్కన కూర్చుని, ఆ నంబరు మీరే కలపండి.

మన ఊహలోని పిల్ల సెలవులకు ఇంటికొచ్చింది. అమ్మకు చెప్పలేదు. అమ్మకు ఆ తెలుగు మాట చెబితే అర్థం కాదు, అది ఎందుకు నవ్వు తెప్పించిందో అసలే అర్థం కాదు. 14416 ఆమెకు నోటికి వచ్చు, బడి గోడ మీద చూసింది. చెయ్యడానికి ఫోన్ కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే, అది అన్న జేబులో ఉంది. అన్న కూడా ఆ గ్రూపులో ఉన్నాడు.